క్లేటన్ ప్రణాళిక, వాతావరణ హామీల అమలుపై తీర్మానం

మెల్‌బోర్న్ ఆగ్నేయ శివారులోని క్లేటన్, క్లేటన్ సౌత్‌లలో నివసిస్తున్న తెలుగువారి సర్వసభ్య సమావేశం, ఈ నేలకు తొలి వారసులైన వురుండ్జెరి వోయి వురుంగ్, బునురాంగ్ ప్రజలకు గౌరవం తెలుపుతూ, చర్చ అనంతరం ఈ కింది తీర్మానాన్ని ఆమోదించింది.

పూర్వాపరాలు

క్లేటన్‌లో ఎక్కువ భాగం మోనాష్ కౌన్సిల్ కింద, క్లేటన్ సౌత్ కింగ్‌స్టన్ కౌన్సిల్ కింద ఉన్నాయి. 1961లో తరగతులు మొదలుపెట్టిన మోనాష్ విశ్వవిద్యాలయం, మోనాష్ మెడికల్ సెంటర్, ఆస్ట్రేలియన్ సింక్రోట్రాన్ ఈ ఊరికి చదువునూ ఉద్యోగాలనూ తెచ్చాయి. వాటి వెంటే అద్దె ఇళ్లూ పెరిగాయి. 2021 జనాభా లెక్కల ప్రకారం ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు సుమారు 59 వేలు. చదువుకోసం మెల్‌బోర్న్ వచ్చే మన పిల్లల్లో చాలామందికి తొలి చిరునామా ఇక్కడి అద్దె గదే.

ఒకప్పుడు క్లేటన్ రోడ్డుపై రైల్వే గేటు పడితే ఆసుపత్రికి వెళ్లే అంబులెన్సు కూడా ఆగిపోయేది. స్థానికులు ఏళ్ల తరబడి అడగ్గా, కాల్‌ఫీల్డ్, డాండినాంగ్‌ల మధ్య 9 గేట్లను తొలగించి, 2018లో క్లేటన్ స్టేషన్‌ను వంతెన మీదికి ఎక్కించారు. పట్టాల కింద నడకకూ సైకిళ్లకూ జెర్రింగ్ దారి ఏర్పడింది. అడిగితే పనులు జరుగుతాయనడానికి ఇది మన కళ్లముందున్న రుజువు.

ఇప్పుడు అంతకంటే పెద్ద మార్పు రానున్నది. చెల్టెన్‌హామ్ నుంచి బాక్స్‌హిల్ వరకు 26 కిలోమీటర్ల భూగర్భ రైలు మార్గం, సబర్బన్ రైల్ లూప్, 2035లో ప్రారంభం కావలసి ఉన్నది. దాని 6 స్టేషన్లలో ఒకటి క్లేటన్, మరొకటి మోనాష్. 2021లో చేసిన ప్రత్యేక చట్టం వల్ల ఈ స్టేషన్ల పరిసరాల ప్రణాళికలో రాష్ట్ర సంస్థ అయిన సబర్బన్ రైల్ లూప్ అథారిటీదే పైచేయి. చెత్త సేకరణ, కాలువలు, వీధి చెట్లు, పార్కులు మాత్రం కౌన్సిళ్ల బాధ్యతే.

ఈ సమావేశం గమనించిన విషయాలు

ఒకటి. ఎండను తక్కువగా అంచనా వేయరాదు. 2009 ఫిబ్రవరి 7న మెల్‌బోర్న్‌లో 46.4 డిగ్రీలు నమోదైంది. ఆ రోజు చెలరేగిన కార్చిచ్చుల్లో విక్టోరియాలో 173 మంది చనిపోయారు. దానికి ముందువారం వడగాల్పుల్లో, మామూలుగా సంభవించే వాటికంటే 374 మరణాలు ఎక్కువ నమోదైనట్టు రాష్ట్ర ఆరోగ్యశాఖ అంచనా వేసింది. మంటలు అందరికీ కనిపించాయి. ఇళ్లలో ఉక్కకు పోయిన ప్రాణాలు లెక్కలు తీశాకగాని తెలియలేదు.

రెండు. ఇక్కడి వీధుల్లో పాత ఒంటింటిని కూల్చి, ఆ స్థలంలోనే మూడు నాలుగు యూనిట్లు కట్టడం నిత్యం జరుగుతున్న పని. పెరటి చెట్టు పోతుంది. గేటు నుంచి వెనక గోడ దాకా కార్ల కోసం కాంక్రీటు పరుచుకుంటుంది. పడమటి కిటికీ ఉన్న పైగదిలో అద్దెకున్న విద్యార్థి అద్దానికి వెండిరేకు అంటించుకుని, టేబుల్ ఫ్యాను ముందు తడి తువ్వాలు కట్టుకుని జనవరి రాత్రులు గడుపుతాడు. ఏసీ పెట్టించమని అడిగితే అద్దె పెంచుతారేమోనని భయం.

మూడు. 2040 నాటికి చెట్ల నీడను 30 శాతానికి పెంచుతామని మోనాష్ కౌన్సిల్ తన వ్యూహపత్రంలో లక్ష్యం పెట్టుకున్నది. తన సొంత కార్యకలాపాల ఉద్గారాలను 2025 నాటికి నికర సున్నాకు తేవడానికి కార్యాచరణ ప్రణాళిక కూడా చేసుకున్నది. రాష్ట్రం 2045 నాటికి నికర సున్నాను చట్టంలోనే రాసుకున్నది. ఈ లక్ష్యాలను సమావేశం స్వాగతిస్తున్నది. అయితే కౌన్సిల్ భవనాలపై సోలార్ పలకలు ఎన్ని పెట్టినా అద్దె గదిలో ఉక్క తగ్గదు.

నాలుగు. కొన్ని మంచి నియమాలు వచ్చాయి. ప్లానింగ్ పర్మిట్ అవసరమైన కొత్త ఇళ్లకు 2024 జనవరి 1 నుంచి గ్యాస్ కనెక్షన్ లేదు. నివాస ప్రాంతాల్లో స్థలం ముందు, వెనక హద్దుల దగ్గర 5 మీటర్లకు పైబడి ఎదిగిన పెద్ద చెట్లను కొట్టాలంటే 2025 సెప్టెంబరు నుంచి అనుమతి కావాలి. అదే ఏడాది మార్చిలో వచ్చిన మరో నియమావళి ప్రకారం, ప్రమాణాలన్నీ పాటించిన మూడంతస్తుల వరకు ఉండే ఇళ్లపై పొరుగువారు ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకునే వీలు లేదు. ఇళ్లు త్వరగా రావడం అద్దెదారులకు మేలే గనుక ఈ మార్పును సమావేశం వ్యతిరేకించడం లేదు. అప్పీలు లేనిచోట తనిఖీ గట్టిగా ఉండాలని మాత్రం కోరుతున్నది.

ఐదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చి, ప్రభుత్వ, వాణిజ్య భవనాలన్నిటికీ దాన్ని తప్పనిసరి చేసింది. హైదరాబాద్ డాబాల మీద సున్నం కొట్టి వేసవి గడిపినవారు ఈ సమావేశంలో ఉన్నారు. క్లేటన్ గోదాముల, దుకాణాల కప్పులకూ ఆ ఉపాయం పనికొస్తుంది.

తీర్మానం

కావున ఈ సమావేశం కింది విధంగా తీర్మానిస్తున్నది.

1. రైల్ లూప్ పరిసరాల్లో ఎత్తయిన భవనాలకు ఈ సమావేశం సమ్మతి తెలుపుతున్నది. అయితే అంతస్తులతో పాటు నీడ, పార్కు, మంచినీటి కుళాయి, వాన నీరు ఇంకే నేల కూడా రావాలని, వీటిని స్టేషన్ తెరిచే నాటికే సిద్ధం చేయాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని, రెండు కౌన్సిళ్లను కోరుతున్నది.

2. నికర సున్నా ఉద్గారాల 2025 లక్ష్యం ఏ మేరకు నెరవేరిందో మోనాష్ కౌన్సిల్ బహిరంగంగా లెక్క చెప్పాలి. నిజంగా తగ్గించిన ఉద్గారాలెన్నో, డబ్బు పెట్టి కొన్న ఆఫ్‌సెట్లెన్నో వేర్వేరుగా చూపాలి.

3. చెట్ల నీడ లెక్కను ఊరంతటికీ కలిపి కాక, ఒక్కో వీధికీ విడిగా ఏటా ప్రకటించాలి. కొట్టిన చెట్టుకు బదులు నాటిన మొక్క రెండు వేసవులు దాటి బతికిందో లేదో అధికారి స్వయంగా వెళ్లి చూడాలి.

4. వడగాల్పుల రోజుల్లో గ్రంథాలయాలు, కమ్యూనిటీ హాళ్లు రాత్రి పొద్దుపోయే వరకు తెరిచి ఉంచాలి. ఆ సమాచారం తెలుగుతో సహా ఇక్కడ ఎక్కువగా మాట్లాడే భాషల్లో అందాలి. పిల్లల దగ్గరికి వచ్చి ఉంటున్న తల్లిదండ్రుల్లో చాలామందికి ఆంగ్ల ప్రకటనలు అర్థం కావు.

5. అద్దె ఇళ్లకు పైకప్పు ఇన్సులేషన్, చల్లదనం కల్పించే రాష్ట్ర ప్రమాణాలు 2027 మార్చి నుంచి దశలవారీగా అమలు కానున్నాయి. ఆ గడువులను ఇంకా వెనక్కి జరపరాదని రాష్ట్ర ప్రభుత్వాన్ని ఈ సమావేశం కోరుతున్నది. అందుకోసం రెండు కౌన్సిళ్లూ తమ వంతుగా ప్రభుత్వంపై ఒత్తిడి తేవాలి.

మన వంతు

6. ఇతరులను అడిగే ముందు మనం చేయవలసినవి ఉన్నాయి. తెలుగువారిలో సొంత ఇళ్లు ఉండి అద్దెకిచ్చేవారు, గడువు కోసం ఎదురుచూడకుండా, ఈ వేసవికి ముందే కిటికీలకు నీడ, అటకపై ఇన్సులేషన్ ఏర్పాటు చేయాలని సమావేశం కోరుతున్నది.

7. కూరగాయల తొక్కలు, అరటి ఆకులు, టీ పిప్పి, మిగిలిన అన్నం ఆకుపచ్చ మూత బిన్‌లో వేయాలి. పండుగ భోజనాల తర్వాత ప్లాస్టిక్ సంచులతో సహా అన్నీ ఒకే బిన్‌లో కుక్కే అలవాటు మానాలి. సంఘ భోజనాల్లో ఒక్కసారి వాడి పారేసే పళ్లేలు ఇకపై వాడరాదు.

8. పౌరసత్వం లేని అద్దెదారుకు కౌన్సిల్ ఎన్నికల్లో ఓటు లేదు. కాని కౌన్సిల్ సమావేశంలో ప్రశ్న వేయడానికి, ముసాయిదా బడ్జెట్‌పై అభిప్రాయం పంపడానికి ఓటు అక్కర్లేదు. బడ్జెట్ ఏటా జూన్ 30 లోపు ఆమోదం పొందాలి. ఆ లోగా అభిప్రాయాలు రాసి పంపడానికి ఈ సమావేశం ఒక చిన్న ఉపసంఘాన్ని నియమిస్తున్నది.

9. ఈ తీర్మానం ప్రతులను మోనాష్, కింగ్‌స్టన్ కౌన్సిళ్ల మేయర్లకు, క్లేటన్ ప్రాంత కౌన్సిలర్లకు, రాష్ట్ర ప్రణాళికా మంత్రికి, సబర్బన్ రైల్ లూప్ అథారిటీకి పంపవలసిందిగా కార్యదర్శిని ఆదేశిస్తున్నది.

కౌన్సిళ్ల ఎన్నికలు మళ్లీ 2028 అక్టోబరులో జరుగుతాయి. ఓటున్న ప్రతి తెలుగువారూ అభ్యర్థులను ముందుగా అద్దె ఇళ్ల ఉక్క గురించి, వీధి నీడ గురించి అడిగి, ఆ తర్వాతే ఓటు వేయాలని ఈ సమావేశం విజ్ఞప్తి చేస్తున్నది.