భవనాలకు మార్కులెవరు వేయాలి?

మేగజైన్ కార్యదర్శి నన్ను పట్టుకొని "సివిల్ వాడివి గదా, కట్టడాల మీద ఏదైనా వ్రాయవోయ్" అన్నప్పుడు సరేనన్నాను గాని, ఏం వ్రాయాలో తోచలేదు. తోచింది మాత్రం ఏప్రిల్ పరీక్షల్లో.

మన కొత్త బ్లాకు మూడో అంతస్తులో స్ట్రక్చర్స్ పేపరు వ్రాస్తూండగా కరెంటు పోయింది. రోడ్డు వైపు గోడంతా అద్దాలే. ఆ అద్దాలకు రెక్కల్లేవు, తెరుద్దామన్నా వీలుపడదు. జనరేటరు అందుకునేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆన్సరు షీటు మీద సిరా కంటే చెమటే ఎక్కువ పడింది. అదే సమయంలో పక్కనున్న పాత బ్లాకులో మరో బ్యాచి పరీక్ష వ్రాస్తోంది. ఎత్తైన కప్పు, చుట్టూ వరండా, గోడ పైభాగాన వెంటిలేటర్లు. అక్కడ ఫ్యాన్లు ఆగాయి గాని పరీక్ష ఆగలేదు.

ఇప్పుడా పాత బ్లాకును పడగొట్టి ఇంకో అద్దాల బ్లాకు లేపుతారన్న మాట వినబడుతోంది. ఈ నాలుగు మాటలూ అందుకే వ్రాస్తున్నాను.

మనకు సెమిస్టరు సెమిస్టరుకూ మార్కులు వేసినట్లే, భవనాలకూ మార్కులు వేసే పద్ధతులున్నాయి. 1990లో బ్రిటన్‌లో 'బ్రీయామ్' వచ్చింది. ఆ దశాబ్దం చివర అమెరికాలో 'లీడ్' మొదలైంది. కరెంటు ఎంత ఆదా, నీరు ఎంత ఆదా, సామాను ఎక్కడిది, గాలీ వెలుతురూ ఎలా ఉన్నాయి అని పద్దులు వేసి, లీడ్ వారు వెండి, బంగారం, ప్లాటినం అని తరగతులిస్తారు. మంచిదే. సిమెంటు తయారు కావాలంటే సున్నపురాయిని దాదాపు 1450 డిగ్రీల వేడిలో కాల్చాలి. మనుషుల వల్ల గాలిలో చేరే కార్బన్ డయాక్సైడులో ఏడెనిమిది శాతం ఒక్క సిమెంటుదే. ఇంత మింగే కట్టడాలను లెక్క అడిగేవాడొకడు ఉండవలసిందే.

నా పేచీ అంతా ప్రశ్నపత్రంతోనే. సంపన్న దేశాల్లో తయారైన ప్రశ్నపత్రం ముఖ్యంగా "వాడకం తగ్గించావా?" అని అడుగుతుంది. హీటర్లూ ఏసీలూ ముందునుంచీ ఉన్నచోట తగ్గించడం గొప్పే. మన బోటి దేశాల్లో ఇంకా ముందు అడగాల్సిన ప్రశ్న "అసలు ఉందా?" అన్నది. ఫ్యానే సరిగ్గా తిరగని బడిని పట్టుకొని ఏసీ కరెంటు ఎంత మిగిల్చావని అడగడం, పస్తున్న వాణ్ణి "డైటింగా?" అని అడిగినట్లుంటుంది.

ఈ తేడాను దక్షిణాఫ్రికావారు బాగా పట్టుకున్నారు. మన సి.ఎస్.ఐ.ఆర్. లాంటి పరిశోధనా సంస్థ, అదే పేరుతో, అక్కడా ఒకటుంది. అందులో జెరెమీ గిబ్బర్డ్ అనే ఆర్కిటెక్టు 'ఎస్.బి.ఎ.టి.' అనే కొలబద్ద తయారుచేశారు. అందులో మొత్తం 15 అంశాలు. పర్యావరణానికి 5, ఆర్థికానికి 5, సామాజికానికి 5. నీరు, కరెంటు, చెత్త గురించి అడిగి అది ఊరుకోదు. పనీ సరుకూ స్థానికుల దగ్గర తీసుకున్నారా? నడపడానికి ఏటా ఎంతవుతుంది? రేపు అవసరం మారితే గదులు మార్చుకోవచ్చా? వికలాంగులు లోపలికి రాగలరా? అందులో మసలేవారి మాట ఎక్కడైనా చెల్లిందా? కిటికీ తెరవడం మూయడం వారి చేతిలో ఉందా? ఈ ఆఖరి ప్రశ్న చదివినప్పుడు నాకు మళ్ళీ ఏప్రిల్ నెల గుర్తొచ్చింది!

మా తాతయ్య తాపీమేస్త్రి. ఆయనకీ కొలబద్దలేవీ తెలియవు. ఎవరైనా కొత్త ఇల్లు చూపిస్తే మాత్రం మూడే ప్రశ్నలు వేసేవాడు. "ఇటిక ఏ బట్టీది? వాన నీళ్ళెటు పోతాయి? పాడైతే ఎవడు బాగుచేస్తాడు?" మూడో ప్రశ్న దగ్గరే మన కొత్త బ్లాకు తప్పుతుంది. నిరుడు ఒక అద్దం పగిలితే, కొత్తది పట్నం నుంచి వచ్చేదాకా నాలుగు నెలలు ప్లైవుడ్ చెక్క అడ్డం పెట్టారు. పాత బ్లాకు తలుపు ఊడితే గేటు బయట కూర్చునే వడ్రంగి మధ్యాహ్నానికల్లా బిగించి పోతాడు. ఆ కూలి డబ్బు ఈ ఊళ్ళోనే ఖర్చవుతుంది.

అలాగని పాతదంతా బంగారమనడం లేదు. మాది దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన కథలు వింటూ పెరిగాను. పదివేల పైచిలుకు ప్రాణాలు పోయాయి. ఊళ్ళకు ఊళ్ళే గుడిసెలు కొట్టుకుపోయాయి. మట్టి గోడ చల్లదనాన్నీ తాటాకు కప్పు అందాన్నీ దూరాన కూర్చుని మెచ్చుకోవడం తేలిక. ఆ రాత్రి గడిపినవాడికి స్లాబు మోజు కాదు, ప్రాణరక్షణ. మన దేశంలో ఇంటికి మొదటి మార్కు నిలబడినందుకే వేయాలి. పేదవాడు స్లాబు కావాలంటే, ఏసీ గదిలో కూర్చుని సిమెంటు లెక్కలు చెప్పి వద్దనే హక్కు ఎవరికీ లేదు.

కొత్తదంతా చెడ్డదనీ కాదు. హైదరాబాదులో 2004లో ప్రారంభమైన సి.ఐ.ఐ. వారి గ్రీన్ బిజినెస్ సెంటరు అమెరికా వెలుపల ప్లాటినం అందుకున్న మొదటి కట్టడంగా పేరుపొందింది. అందులో ఉన్నవి నడుమ ముంగిలి, జాలీ గోడలు, గాలిని చల్లబరిచే గోపురాలు. గోదావరి జిల్లాల మండువా లోగిలి చూసినవారికి ఆ ముంగిలి కొత్తేమీ కాదు. తిరువనంతపురంలో లారీ బేకర్ 1970లలో సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్‌ను మామూలు ఇటుకతోనే కట్టి చూపించారు. ఆయన వాడిన 'ర్యాట్ ట్రాప్' పద్ధతిలో ఇటుకను అంచు మీద నిలబెట్టి, గోడ మధ్య ఖాళీ వదులుతారు. ఇటుక నాలుగో వంతు మిగులుతుంది, లోపలి గాలి ఎండ వేడిని అడ్డుతుంది. మన దేశంలో తయారైన 'గృహ' పద్ధతి కూడా, పనిచేసే కూలీలకు మరుగుదొడ్డి, రక్షణ ఏర్పాట్లు ఉన్నాయా అని అడుగుతుంది. నడవవలసిన దారి అదే.

కాబట్టి యూనియన్ వారికి నాదొక సూచన. పడగొట్టే ముందు రెండు బ్లాకులకూ మనమే పరీక్ష పెడదాం. ఏడాది పొడుగునా గదుల్లో ఉష్ణోగ్రత వ్రాద్దాం. కరెంటు బిల్లులూ మరమ్మతు ఖర్చులూ తలకింతని లెక్క కడదాం. ఊడ్చే ఆయమ్మనూ, అటెండర్లనూ, రాత్రి వాచ్‌మన్‌నూ అడుగుదాం. భవనం గుట్టు ప్రిన్సిపాలుగారి కంటే వారికే ఎక్కువ తెలుసు. ఇదంతా ఫైనలియర్ వారికి చక్కని ప్రాజెక్టు అవుతుంది.

పాత బ్లాకు నెగ్గుతుందని నేను పూచీపడలేను. అక్కడ ఆడపిల్లలకు ఉన్నది ఒకే ఒక్క మరుగుదొడ్డి. చక్రాల కుర్చీ ఎక్కే దారి లేదు. ఈ లోపాలకు మార్కులు కోయవలసిందే. కోసిన తర్వాత కూడా అది పాసైతే ఒక ర్యాంపు, నాలుగు మరుగుదొడ్లు కట్టి ఉంచుకుందాం. తప్పితే పడగొట్టనివ్వండి, నేను అడ్డు చెప్పను. పరీక్షే పెట్టకుండా ఫెయిల్ చేస్తే మాత్రం మనలో ఏ విద్యార్థీ ఊరుకోడు గదా! ఆ పాటి న్యాయం మనకు యాభై ఏళ్ళు నీడనిచ్చిన గోడలకూ చేద్దామంటున్నాను.