అడగని అప్పు

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అమ్మను మించిన తల్లులు ఈ కాలంలో బ్యాంకులవాళ్ళు. మనం నోరు తెరవకుండానే, ఆకలేస్తోందా అని కూడా కనుక్కోకుండానే విస్తరి వేసి వడ్డించేస్తున్నారు. “శుభాకాంక్షలు! మీకు 3 లక్షల రుణం ముందుగానే మంజూరైంది” అంటూ ఫోనుకొకటి, మెయిలుకొకటి, అదీ చాలక అప్పుడప్పుడు టపాలో తళతళలాడే కవరొకటి. 78 ఏళ్ళ మా అత్తగారి పింఛను ఖాతాకీ వచ్చిందా కవరు. చదివి వినిపిస్తే, “నానడిగినానేటే?” అన్నారావిడ.

ఆ ప్రశ్నకి జవాబు చెప్పే బ్యాంకు నాకింకా కనబడలేదు.

అప్పంటే జడుసుకునే ఊరు కాదు మాది. సాలూరంటే లారీలు, లారీ అంటే ఫైనాన్సు. వాయిదా ఏ తేదీన కట్టాలో, టైర్లు మార్చిన నెలలో దాన్నెలా సర్దాలో ఇక్కడి ఇల్లాళ్ళకి పండగల కన్నా బాగా గుర్తు. ఒడిశా ఘాటీలో బండి ఆగిపోయి కిరాయి రాకపోతే, ఇంట్లో ఏ ఖర్చు ఆపాలో లెక్క వేసేదీ మేమే. కాబట్టి అప్పే తప్పని నేననడంలేదు. నాలుగు చోట్ల వడ్డీ కనుక్కుని, ఇంట్లో మాట్లాడుకుని, గడప దాటి వెళ్ళి తెచ్చుకునే అప్పు వేరు. అన్నం తింటూండగా చేతిలోకి వచ్చి పడే అప్పు వేరు.

అసలు ‘మంజూరు’ అన్నదే సగం అబద్ధం. ఖాతాలో ఎంత నిలవుంటోంది, పాత వాయిదాలు సరిగ్గా కడుతున్నామా, సిబిల్ వంటి సంస్థలు 300 నుంచి 900 లోపు మనకెన్ని మార్కులు వేశాయి, ఇవి చూసి కంప్యూటరు ఒక జాబితా తీస్తుంది. అందులో పేరుంటే ఉత్తరం వచ్చేస్తుంది. తీరా మనం సరేనన్నాక మళ్ళీ పరీక్షలు, నచ్చకపోతే ‘క్షమించండి’ అనే హక్కూ వాళ్ళదే. పెళ్ళిచూపులకి రాకుండానే శుభలేఖలు పంచినట్టు!

నవ్వులాటగా పోనిద్దామంటే పోయేది కాదు. మా వీధిలో ఒకావిడ జాకెట్లు కుట్టి పోగేసుకున్న ఖాతా ఉంది. పేరు ఆవిడది, ఫోను ఆవిడది, నొక్కింది మాత్రం వాళ్ళాయన. ఓటీపీ వచ్చేది ఆ ఫోనుకే కదా! 80 వేలు పడ్డాయి, మర్నాటికి డీజిలుకీ పాత బాకీలకీ పోయాయి. నెల తిరిగి ఖాతాలోంచి వాయిదా సొమ్ము కోసుకున్నాక గాని, తాను అప్పులో ఉన్నానని ఆవిడకి తెలియలేదు. సంతకం లేదు, సాక్షి లేదు, “అమ్మా, నీకు కావాలా?” అని అడిగిన మనిషి లేడు.

“ఇష్టం లేకపోతే తుడిచేయండి, గొడవేముంది?” అంటారు మగవాళ్ళు, మావారితో సహా. చూడకుండా ఎలా తుడవడం? గ్యాసు బుకింగూ, పిల్లల ఫీజు రసీదూ, పింఛను కబురూ అన్నీ ఆ వరసలోనే వస్తాయి. బియ్యంలో రాళ్ళు కలిపింది తామూ, ఏరుకోవలసింది మేమూనా? ఇంట్లో ఉన్న చాకిరీ చాలదా?

ఆపే దారి లేకపోలేదు. 1909కి ఫోను చేసి బ్యాంకులు, బీమా, క్రెడిట్ కార్డుల ప్రకటనలు వద్దని నమోదు చేయించుకోవచ్చు. ఆ తరవాత కూడా వస్తే 7 రోజుల్లోగా ఫిర్యాదు ఇవ్వొచ్చు. 2025 దాకా ఈ గడువు 3 రోజులే. నేను చేయించుకున్నాను, చాలావరకు తగ్గాయి. తగ్గనివి మా సొంత బ్యాంకువి. అడగబోతే, “మీరే సమ్మతించారు మేడమ్” అని ఖాతా తెరిచిననాటి ఫారం చూపించారు. చీమ తలకాయలంత అక్షరాలు, పక్కన టిక్కు. ఆ టిక్కు నా చేత్తో పెట్టింది కాదు, అచ్చులోనే ఉంది!

అడక్కుండా క్రెడిట్ కార్డు పంపరాదనీ, పంపి బిల్లు వేస్తే దాన్ని రద్దు చేసి, అంతకు రెట్టింపు జరిమానా ఆ మనిషికే చెల్లించాలనీ రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించింది. కార్డుకి పనికొచ్చిన న్యాయం, అప్పు తీసుకోమనే ఉత్తరానికి ఎందుకు పనికిరాదు? సమ్మతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలని 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ఇలాంటి వాటి అమలుకి 18 నెలల గడువిచ్చారు. అప్పివ్వడానికి రెండు నిమిషాలు చాలినవాళ్ళకి, మానుకోవడానికి 18 నెలలు కావలసివచ్చాయా?

ఆ గడువు తీరేదాకా కూర్చునే ఓపిక నాకు లేదు. ఖాతా ఫారం నకలు అడిగి తీసుకున్నాను. ‘నా సమ్మతి రద్దు చేస్తున్నాను, ఇకపై రుణాల సంగతి నేనడిగితేనే చెప్పండి’ అని తెల్లకాగితం మీద రాసి, రెండో ప్రతి మీద ముద్ర వేయమన్నాను. కౌంటరులో కుర్రాడు, “ఇలాంటిది ఇంతవరకు ఎవరూ ఇవ్వలేదండీ” అని నసిగాడు. ముద్ర పడేదాకా నేను కుర్చీలోంచి లేవలేదు.