టైరు మారితే... మీటరు మాట తప్పుతుంది!

ఫార్ములా వన్‌ రేసు. ఒక్కసారిగా వాన. ఓ కారు టైర్లు మార్చుకోవడానికి పిట్‌ లేన్‌లోకి దూసుకొచ్చింది. అక్కడ చాలా ట్రాక్‌లలో గంటకు 80 కిలోమీటర్లు దాటకూడదు. సిబ్బంది క్షణాల్లో వాన టైర్లు బిగించేశారు. డ్రైవరు సరిగ్గా 80తోనే బయల్దేరాడు. అయినా అసలు వేగం 81 అని తేలితే? ఇంకేముంది... జరిమానా తప్పదు! కష్టపడి గెలుచుకున్న సెకన్లన్నీ గల్లంతే.

ఇలా జరగకూడదనే ఆ కార్ల స్టీరింగ్‌ మీద ఏ టైరు వేశారో చెప్పే మీట ఒకటి ఉంటుంది. ఎందుకంటే వాన టైరు వ్యాసం మామూలు టైరు కంటే దాదాపు 10 మిల్లీమీటర్లు ఎక్కువ. 80 దగ్గర ఒక కిలోమీటరు తేడా రావడానికి అంత చాలు!

మీటరుకు తెలిసిందొక్కటే
నిజానికి ఏ కారుకూ తన వేగం తెలియదు. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో సెన్సరు లెక్కపెడుతుంది. ఒక్కో చుట్టుకు ఇంత దూరం అని ముందే రాసిపెట్టిన అంకెతో దాన్ని గుణిస్తారు. అంతే! టైరు పెద్దదైతే ఒక్కో చుట్టుకు కారు ఎక్కువ దూరం వెళ్తుంది. మీటరు మాత్రం పాత లెక్కే చెబుతుంది.

2022లో ఫార్ములా వన్‌ 13 అంగుళాల రిమ్ముల నుంచి 18 అంగుళాలకు మారింది. టైరు వ్యాసం 670 మిల్లీమీటర్ల నుంచి 720కి పెరిగింది. పాత అంకె మార్చకుండా వదిలేస్తే మీటరులో 300 కనిపించినప్పుడు కారు 322 వేగంతో పరుగెడుతున్నట్టు!

సుద్దముక్కతో సరిచేస్తారు
కోయంబత్తూరు, చెన్నై ట్రాక్‌ల మీద తిరిగే చిన్న రేసు కార్లకైనా సూత్రం ఇదే. కొత్త టైరులో సరైన గాలి నింపుతారు. డ్రైవరును కూర్చోబెడతారు. బరువు పడితే టైరు కొంచెం అణుగుతుంది మరి! టైరు మీద, నేల మీద సుద్దతో గీత గీసి, చక్రం పది చుట్లు తిరిగేలా కారును తిన్నగా తోస్తారు. వెళ్లిన దూరాన్ని టేపుతో కొలిచి పదితో భాగిస్తారు. వచ్చిన అంకెను కారు కంప్యూటర్లో ఎక్కిస్తారు. తర్వాత జీపీఎస్‌ వేగంతో పోల్చి చూసుకుంటారు.

మన ఇంటి కారు సంగతి?
అందంగా ఉంటాయని పెద్ద టైర్లు వేయించేవారు ఎందరో. 185/65 ఆర్‌15 టైరు వ్యాసం సుమారు 622 మిల్లీమీటర్లు. దాని బదులు 205/65 ఆర్‌15 వేస్తే 648 అవుతుంది. అంటే వేగం 4 శాతం తక్కువగా కనిపిస్తుంది. మీటరు అసలు వేగం కంటే తక్కువ చూపకూడదన్నది నిబంధన. అందుకే కంపెనీలు కాస్త ఎక్కువే చూపేలా అమరుస్తాయి. ఆ కాస్త జాగ్రత్తా పెద్ద టైరుతో కరిగిపోతుంది. హైదరాబాద్‌ ఔటర్‌ రింగ్‌ రోడ్డు మీద స్పీడ్‌ గన్‌కు మీటరుతో పనిలేదు. అది చూసేది అసలు వేగాన్నే!

తిరిగిన కిలోమీటర్లు కూడా తక్కువగానే నమోదవుతాయి. దాంతో 'మైలేజీ పడిపోయింది' అని మెకానిక్కును నిలదీసేవారూ ఉంటారు.

కొన్ని కార్లలో టైరు సైజును వర్క్‌షాపు స్కానరుతో మార్చవచ్చు. అన్నిటికీ ఆ వీలుండదు. అందుకే రిమ్ము పెంచినా వ్యాసం మారకుండా చూసుకోవడం ఉత్తమం. అదే 185/65 ఆర్‌15కు బదులు 195/55 ఆర్‌16 వేస్తే వ్యాసం దాదాపు 621. తేడా ఒక్క మిల్లీమీటరు లోపే! అయితే ఆ సైజు కారుకు సరిపడుతుందో లేదో కంపెనీ పుస్తకంలో చూసుకోవాలి.

అనుమానముంటే ఖాళీ రోడ్డు మీద ఒకే వేగంతో వెళ్తూ పక్క సీట్లోవారిని ఫోన్లో జీపీఎస్‌ వేగం చూడమంటే సరి. ఫోను కన్నా మీటరు తక్కువ చూపిస్తోందా? ఇక దాన్ని నమ్ముకుని యాక్సిలరేటర్‌ తొక్కడం ప్రమాదమే!