ఒక్క సూదితో సరిపెడతారా?

ఆయాసపడుతున్న పిల్లిని బల్ల మీద పెట్టగానే ఆస్తమా అని ఒక సూది వేసి పంపేసే అలవాటు ఎప్పుడు పోతుంది? ఈ వారం మా కోయంబత్తూరు సింగానల్లూరులో పక్కింటి అక్క పెంచుకున్న పిల్లి అలాగే పోయింది. నోరు తెరిచి ఊపిరి తీస్తోందనీ, తిండి ముట్టడం లేదనీ ఆమె మొత్తుకుంటే, "సూది వేశాం గదమ్మా, సర్దుకుంటుంది" అన్నారట. ఇంకో చోట ఎక్స్‌రే తీసేసరికి ఛాతీ నిండా నీరు. నీరు తీసి స్కాన్ చేస్తే కుడి ఊపిరితిత్తి నడిమి లోబ్ మెలిపడి ఉంది. ఆపరేషన్ దాకా ప్రాణం నిలవలేదు.

అరుదైన జబ్బు, ఎవరు మాత్రం ఊహిస్తారని అంటున్నారు. నేనొప్పుకోను. మెలిక అరుదే గానీ ఛాతీలో నీరు చేరడం అరుదు కాదు. స్టెతస్కోపుతో నింపాదిగా వింటే ఊపిరి చప్పుడు పైన వినిపించి, కిందికి జరిపేకొద్దీ అణిగిపోతుంది. ఆస్తమా అయితే పిల్లికూతలు, దగ్గు ఉంటాయి. పైగా పిల్లుల్లో ఈ మెలిక వెనక చాలాసార్లు ఇంకో జబ్బుంటుంది: పాలలాంటి ద్రవం చేరడమో, గడ్డో, దెబ్బో, ఆ ఆస్తమానో. ఆస్తమా నిజమే అయినా వెతకడం ఆపకూడదు.

లోబ్ తన కాడ చుట్టూ తిరిగితే పలచటి గోడల సిరలు ముందు నొక్కుకుపోతాయి. ధమని మాత్రం రక్తం పంపుతూనే ఉంటుంది. ఆ రక్తానికి తిరిగి పోయే దారి లేక లోబ్ ఉబ్బి గట్టిపడుతుంది, నీరు ఛాతీలోకి ఊరుతుంది. కాబట్టి ముందు ఆక్సిజన్, తర్వాత నీరు తీయడం, ఆ తర్వాత మళ్లీ ఎక్స్‌రే. అప్పటికీ ఒక లోబ్ తెల్లగానే ఉండి, అందులో సన్నటి గాలి బుడగలు చెదురుగా కనబడి, దాని గాలిగొట్టం మొదట్లోనే ఆగిపోతే అనుమానించాల్సిందే. సి.టి. స్కాన్ ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. ఊపిరాడని పిల్లిని వెల్లకిలా అదిమిపట్టి ఫొటో తీస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ పెనుగులాటలోనే ప్రాణం పోవచ్చు. ఈ మెలిక మందులకు లొంగదు. లోబ్‌ను మెలిక విప్పకుండానే కోసి తీసేయాలి. విప్పితే చచ్చిన కణజాలంలోని విషాలు రక్తంలో కలుస్తాయి.

ఇంతకుముందూ రాశాను, మళ్లీ రాస్తాను: పిల్లి నిద్రలో ఉండగా డొక్క చూసి ఊపిరి లెక్కపెట్టండి. నిమిషానికి 30 దాటకూడదు. పిల్లి బాధ చెప్పుకోదు, మూలకు పోయి నక్కుతుంది. మోచేతులు ఎడంగా పెట్టి, మెడ చాచి కూర్చుందంటే తెల్లవారేదాకా ఆగకండి. ఇంట్లో పిల్లలకు నేర్పండి, గడియారం ముల్లు చూడటం వచ్చిన ఎవరైనా చేయగలరు.

డాక్టర్ల సంగతి అలా ఉంచితే, నా అసలు కోపం ఈ ఊరి తెలుగువాళ్లమైన మన మీదే. 1926లో పీళమేడులో పి.ఎస్.జి. ధర్మసంస్థను నిలబెట్టింది మన తెలుగు నాయుళ్లు. కుప్పుస్వామి నాయుడు పేరిట ఆసుపత్రి 1952 నుంచి నడుస్తోంది. మిల్లు సొమ్ము బళ్లకూ ఆసుపత్రులకూ పారిన ఊరిది. ఇప్పుడు మన తెలుగు సంఘాల చందాలు ఏటా ఉగాది వేదికలకూ శాలువాలకూ పోతున్నాయి. కప్పినవాళ్లకే మళ్లీ కప్పుతున్నాం. మద్రాసులో పశువైద్య కళాశాల 1903లో వస్తే, మనకు దగ్గర్లో ఉడుమలైపేటలో కళాశాల కోసం 2020 దాకా కాచుకున్నాం. అన్నీ సర్కారే చేయాలని కూర్చుంటే నోరులేని జీవాలకు ఒరిగేదేముంది?

ఈ ఏడు శాలువాలు మానేసి, ఆ డబ్బుతో ఊళ్లోని పశువైద్యశాలకు ఆక్సిజన్ పెట్టె ఒకటి కొనివ్వాలని సంఘం పెద్దలను అడుగుతున్నాను. పేదవాళ్ల జీవాలకు స్కాన్ ఖర్చు భరించే నిధి కూడా అందులోంచే మొదలుపెట్టవచ్చు. తీర్మానం పెట్టండి, మొదటి చందా నేనిస్తాను.