పచ్చచుట్ట మూలిక కాదు

పచ్చగా కనిపించినదల్లా ఆరోగ్యమే అనే నమ్మకం మనవారిలో బాగా నాటుకొని ఉన్నది. ఆకుపచ్చ సీసా, ఆకుపచ్చ అట్టపెట్టె కనిపిస్తే చాలు, లోపల ఏమున్నదో చూడకుండానే కొనేవారు ఎందరో. ఈ నమ్మకం ఇప్పుడు చుట్ట దాకా వచ్చింది. అమెరికాలో ఉంటున్న పిల్లలు తెచ్చిపెట్టిన ఆకుపచ్చ చుట్టలను చూపి, "ఇది మన నాటుచుట్ట వంటిది కాదట, పచ్చి ఆకుతో చేసినదట, చలువ చేస్తుందట, నిజమేనా?" అని చీరాలలో నన్ను అడిగినవారు ఉన్నారు.

నిజం కాదు. ఎందుకు కాదో కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది.

ఈ చుట్టల పైఆకును విదేశాలలో కాండెలా అంటారు. 1950, 60 ప్రాంతాలలో అమెరికాలో దీనికి గొప్ప గిరాకీ ఉండేది. మామూలు చుట్టకు వాడే పైఆకును వారాల తరబడి నీడలో వ్రేలాడదీసి ఆరబెట్టి, ఆపైన కుప్పలు వేసి మాగబెడతారు. అది గోధుమ రంగుకు తిరుగుతుంది. కాండెలాకు అలా కాదు. ఆకును పూర్తిగా పండకముందే కోసి, మూసిన గదిలో వేడిని త్వరత్వరగా పెంచి ఎండగొడతారు. ఆకులోని పచ్చదనం విరిగిపోవడానికి వ్యవధి లేక అలాగే నిలిచిపోతుంది. కనుక ఆ రంగు ఎండబెట్టిన పద్ధతికి గుర్తే తప్ప గుణానికి గుర్తు కాదు. పైగా పచ్చనిది పైపొర ఒక్కటే. లోపల దట్టించేది మాగిన పొగాకే.

చీరాల, ఒంగోలు ప్రాంతాల వారికి ఈ సంగతి చెప్పడం తేలిక. వర్జీనియా ఆకును కర్రలకు కట్టి బ్యారన్‌లో వ్రేలాడదీసిన తరువాత మొదటి ఒకటి రెండు రోజులు 32 నుండి 38 డిగ్రీల సన్నని వేడి మాత్రమే ఇస్తారు. లోపల తేమను పోనివ్వరు. ఈ దశలో ఆకులోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది, పచ్చదనం పోయి నిమ్మపండు ఛాయ వస్తుంది. ఆ తరువాత క్రమంగా వేడి పెంచుతూ, చివర ఈనె ఎండడానికి 70 డిగ్రీల వరకు తీసుకొనిపోతారు. తొందరపడి ముందే మంట ఎగదోస్తే ఆకు పచ్చగానే బిగుసుకొనిపోతుంది. అటువంటి ఆకుకు వేలంలో ధర పడిపోతుంది. మన బ్యారన్ దగ్గర దోషంగా ఎంచేది అక్కడ సొగసుగా చలామణి అవుతున్నదన్న మాట!

పొగాకు మీద నాకు ద్వేషం లేదు. ఐ.ఎల్.టి.డి. కంపెనీ పేరు వినని ఇల్లు మా ఊళ్ళో ఉండదు. ఆకు గ్రేడింగు కూలితో బిడ్డలను చదివించుకొన్న తల్లులను నేను ఎరుగుదును. అయితే బ్రతుకుతెరువు చూపిన పంట వేరు, నోట పెట్టుకోదగిన ద్రవ్యం వేరు.

ముప్పై ఏళ్ళకు పైగా ఆకు తరగతులు చూసి విశ్రాంతి తీసుకొంటున్న ఒక పెద్దాయన, అల్లుడు తెచ్చిన పచ్చచుట్టల పెట్టెతో మా వైద్యశాలకు వచ్చారు. చుట్ట విషయంలో ఆయన కంటే పరీక్షాధికారి నాకు దొరకడు. చుట్టను వెలుతురులో త్రిప్పి చూశారు. రంగు నీడన ఎండిన కరివేపాకు రంగు, ఈనెలు సన్నవి, పైఆకు పలుచన, పెళుసు. వాసన గడ్డివాములో తల దూర్చినట్లున్నది. తుంచిన పైఆకు ముక్కను నేను నాలుక మీద ఉంచుకొని చూశాను. మొదట పసరు రుచి, ఆ వెంటనే తిక్తం, చివర కటువు; నాలుక కొస చిమచిమలాడింది. వెంటనే ఉమ్మివేసి నోరు పుక్కిలించుకొన్నాను.

వైద్యశాల అరుగు దిగి ఆయన వెలిగించారు. సగం వరకు మెత్తగానే ఉన్నదన్నారు. పచ్చగడ్డి కమ్మదనం, కొద్ది తీపి. సగం దాటాక గొంతు పట్టింది, నోట నీరూరింది, రుచి చేదెక్కింది. "ఈ ఆకు మా బల్ల మీదికి వస్తే పక్కకు తీసి పారవేసేవాళ్ళం, డాక్టరు గారూ. అయినా మెత్తగా ఉన్నది కాబట్టి నాటుచుట్ట మానేసి దీనిలోకి మారితే మంచిదే కదా?" అన్నారు.

"బాబాయి గారూ, ముందు నోరు తెరవండి" అన్నాను. అంగిట్లో తెల్లగా, మందంగా ఒక మచ్చ ఉన్నది. చుట్ట మెత్తదనం గురించి అక్కడితో మాట్లాడడం మానివేసి, పెద్దాసుపత్రిలో ముక్క తీయించి పరీక్ష చేయించుకొమ్మని చీటీ వ్రాసి ఇచ్చాను.

మెత్తని చుట్ట అనడంలోనే మోసం ఉన్నది. సిగరెట్టు పొగ ఆమ్లగుణం కలది, కనుక దానిని ఊపిరితిత్తులలోకి లాగితే గాని నికోటిన్ బాగా ఎక్కదు. చుట్ట పొగ క్షారగుణం కలది. గుటక వేయకపోయినా, ఊపిరి లోపలికి పీల్చకపోయినా నోటి పొర గుండానే నికోటిన్ రక్తంలో చేరుతుంది. "నేను పొగ మింగను" అనేవారు ఇది గమనించవలెను. పెద్ద చుట్ట ఒక్కదానిలో సిగరెట్టు పెట్టె మొత్తంలో ఉన్నంత పొగాకు ఉండవచ్చును. పచ్చి ఆకు సౌమ్యమనుకోవడమూ తప్పే. వానలో తడిసిన పచ్చి పొగాకు కోసే కూలీలకు చర్మం గుండానే నికోటిన్ ఎక్కి వాంతులు, కళ్ళు తిరగడం కలుగుతాయి. ఇక శ్రీకాకుళం, విశాఖ పల్లెలలో నిప్పు కొసను నోట పెట్టుకొని అడ్డపొగ త్రాగే స్త్రీలకు అంగిటి కాన్సరు వస్తున్నదని విశాఖపట్నం వైద్యులు ఏనాడో గుర్తించారు.

కొందరు చరకుణ్ణి సాక్ష్యానికి పిలుస్తున్నారు. చరకసంహిత సూత్రస్థానం 5వ అధ్యాయంలో ధూమపాన విధి ఉన్న మాట వాస్తవమే. బొటనవ్రేలి లావున, 8 అంగుళాల పొడవున ధూమవర్తి చేయమన్నాడు కనుక అది చుట్టే కదా అని వాదిస్తారు. అందులో ఏలకులు, చందనం, వట్టివేరు, అగరు, గుగ్గులు వంటివి ఉన్నాయి, పొగాకు లేదు. ఉండే వీలు కూడా లేదు. 1492 తరువాత అమెరికా నుండి ఐరోపాకు, అక్కడి నుండి పోర్చుగీసు నావలలో మన తీరానికి చేరిన మొక్క ఇది. పైగా నిత్యప్రయోగానికి 36 అంగుళాల గొట్టం, ఎనిమిది నియత కాలాలు, ఎవరు త్రాగరాదో పెద్ద జాబితా. అకాలంలో, అతిగా త్రాగితే చెవుడు, గ్రుడ్డితనం, మూగతనం, రక్తపిత్తం, తల తిరగడం కలుగుతాయని కూడా ఆ అధ్యాయమే చెబుతున్నది. ఈ భాగాన్ని మాత్రం ఎవరూ ఉదహరించరు! పొగాకు లేని మూలికా బీడీలనూ నేను సమర్థించను. ఏ ఆకు కాలినా తారు, కార్బన్ మోనాక్సైడ్ పుడతాయి.

చుట్ట కాల్చనిదే విరేచనం కాదనేవారు రాత్రి పడుకొనే ముందు గోరువెచ్చని నీటితో ఒక చెంచా త్రిఫల చూర్ణం, ఉదయం లేవగానే రెండు గ్లాసుల వేడినీరు వాడి చూడవచ్చును. నోరు పీకినప్పుడు ఎండు ఉసిరి ముక్క గాని, వేయించిన సోంపు గాని బుగ్గన పెట్టుకోవలెను. ఇవి ఊతకర్రలు మాత్రమే. ఒంటరిగా మానలేనివారు ప్రభుత్వం నడిపే 1800 112 356 ఉచిత ఫోనులో సలహా పొందవచ్చును.

ఏళ్ళ తరబడి చుట్ట త్రాగినవారు నెలకొకసారి అద్దం ముందు నిలిచి, వెలుతురులో అంగిలి, బుగ్గల లోపలి భాగం, నాలుక క్రింది భాగం చూసుకోవలెను. తెల్లని లేదా ఎర్రని మచ్చ, రెండు వారాలకూ మానని పుండు కనిపిస్తే వెంటనే దంతవైద్యునికో, చెవి ముక్కు గొంతు వైద్యునికో చూపించవలెను. దాని మీద పసుపు, తేనె పూస్తూ రోజులు గడపరాదు.