నర్సమ్మా, మీ రిజిస్ట్రేషన్ నంబరు?

గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయిని తూకం వేసి చూపించమంటాం. మరి ఇంట్లో పెద్దవాళ్లకు ఇంజెక్షన్ చేయడానికి వచ్చినవాళ్లను ‘మీ రిజిస్ట్రేషన్ ఏదమ్మా?’ అని ఎందుకడగం? మొహమాటం!

ఏఎన్‌ఎం 2 ఏళ్లు, జీఎన్‌ఎం 3 ఏళ్లు, బీఎస్సీ నర్సింగ్ 4 ఏళ్ల చదువు. ఆ తర్వాత రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్లో పేరు నమోదు కావాలి. 1947 నాటి చట్టం స్థానంలో పార్లమెంటు 2023లో చేసిన కొత్త చట్టంలోనూ నమోదు తప్పనిసరే.

మా అత్తయ్యగారికి ఒక ఏజెన్సీ ‘నర్సు’ అని పంపిన అమ్మాయికి స్నానం చేయించడం, అన్నం తినిపించడం బాగా వచ్చు. సిరంజిలో ఇన్సులిన్ యూనిట్లు చూడటం మాత్రం రాదు. తప్పు ఆ పిల్లది కాదు, నర్సు రేటు తీసుకుని ఆయాను పంపినవాళ్లది. ఆయా పనీ గొప్పదే. పేరు మార్చినంత మాత్రాన సూది పట్టడం రాదు కదా!

అడిగితే అవమానమేం కాదు. కష్టపడి చదివినవాళ్లు ఆ నంబరు గర్వంగానే చెబుతారు.