గృహాలంకరణము – మన మగ్గము

2010వ సంవత్సరమున వెలసిన పింటరెస్టువంటి చిత్రవేదికలను చూచి ఇండ్లు తీర్చిదిద్దుకొను అభిరుచి నేడు ప్రబలుచున్నది. అది దోషమని మేమనము. అందమును చూచుట కంటికి చదువే. కాని చిత్రము రంగును చూపునే గాని మన యెండను, ఉప్పుగాలిని ఎరుగదు. చలిదేశపు దళసరి తెర మన వేసవిలో గాలిని అడ్డగించును.

వేటపాలెమునకు పొరుగుననున్న చీరాలలో ఒకప్పుడు నేతగాండ్రు నూలును నూనెతోను, ఆముదపుకాయల పొట్టు బూడిదతోను పదును చేసి, ఎరుపు, నలుపు, తెలుపు రంగుల తేలియా రుమాళ్లు నేసి అరబ్బు దేశములకు పంపిరి. అట్టి పనితనమును ఎరిగిన సీమలో వసించుచు తెరగుడ్డకై దూరమున వెదకుట తగునా?

విద్యార్థులారా! చిత్రమును చూడుడు; పిమ్మట ఆ రంగు నేయగలరా యని మన నేతగానిని అడుగుడు. కొనువారు లేనిదే మగ్గము ఆడదు.